నలుపు లేని గీతలు

ఆఫీసు విహారయాత్రలంటే నాకు పెద్దగా గిట్టదు. ఆటలు ఆడించి, చప్పట్లు కొట్టించి, గ్రూపు ఫోటోతో ముగిస్తారు. ఈసారి మా డిజైన్ విభాగాన్ని ఊళ్లోని ఆర్ట్ మ్యూజియానికి తీసుకెళ్తామన్నారు కాబట్టి మారుమాట్లాడకుండా బస్సెక్కాను. నచ్చినదాన్ని ఫోటో తీయకూడదు, పెన్సిలుతో గీసుకోవాలని మా మేనేజరు పెట్టిన షరతు కూడా నాకు నచ్చింది.

మొదటి గదులు చకచకా దాటేశాం. నిలువెత్తు రాజులు, బంగారు పూత ఫ్రేములు. బొమ్మల కన్నా ఫ్రేములకే ఎక్కువ కష్టపడ్డట్టున్నారు. ఆ తర్వాతి గదిలో వెలుతురు బాగా తక్కువ. కాగితం మీది రంగులు త్వరగా వెలిసిపోతాయి కాబట్టి అలాంటి చిత్రాల మీద సాధారణంగా 50 లక్స్‌కు (లక్స్ అంటే వెలుతురు కొలత) మించి వెలుతురు పడనివ్వరు. కళ్లు అలవాటు పడ్డాక ఎదురుగా చిత్రకారుడు హొకుసాయ్ గీసిన ‘పెద్ద అల’ కనిపించింది. 1831 ప్రాంతపు జపాన్ చెక్క అచ్చు చిత్రం. పోస్టర్లలో చూసి చూసి గోడంత ఉంటుందనుకుంటాం. తీరా చూస్తే వెడల్పు సుమారు 38 సెంటీమీటర్లే!

కొత్తగా చేరిన అమ్మాయి అద్దానికి ముక్కు ఆనించినంత పని చేసి, “సార్, ఈ గీతలు నలుపు కాదు, చూడండి” అంది. నిజమే. పడవల అంచులు, గోళ్లలా వంగిన నురగ అంచులు, అన్నీ ముదురు నీలం. అప్పటికి జపానుకు దిగుమతి అవుతున్న ప్రష్యన్ బ్లూ అనే ముదురు నీలిరంగు మహిమ అది. నురగకు తెల్లరంగు కూడా వేయలేదు, అచ్చు పడని కాగితాన్నే అలా వదిలేశారు. నీలిగీత నీటిలోనే కలిసిపోతుంది. నల్లగీత అయితే అలను ఎక్కడికక్కడ కత్తిరించి అతికించినట్టుండేది.

సరిగ్గా ఆ పనే మేము చేస్తున్నాం. మేము తయారుచేస్తున్న పిల్లల జంతువుల పుస్తకంలో ప్రతి బొమ్మ చుట్టూ మందపాటి నల్లగీత గీశాం. పేజీ బరువుగా ఉందని అందరం అనేవాళ్లం, ఎందుకో ఎవరమూ చెప్పలేకపోయాం.

పక్క గదిలో ఫ్రెంచి నేత చిత్రాల దగ్గర గైడు మరో నలుపు కథ చెప్పారు. పారిస్‌లోని గొబెలిన్ నేతశాలలో అద్దకం బాధ్యతలు చూసిన రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్‌కు, నల్లదారం తేలిపోతోందని ఫిర్యాదులు వచ్చేవట. పరీక్షించి చూస్తే అద్దకంలో లోపమేమీ లేదు, పక్కనున్న రంగులే నలుపును అలా కనిపించేలా చేస్తున్నాయి. ఆ పరిశీలనలతో ఆయన 1839లో ఏకంగా ఒక పెద్ద గ్రంథమే వేశారు.

తిరుగు బస్సులో కునుకు తీద్దామనుకున్నవాళ్లను ఎవరూ పడుకోనివ్వలేదు. నక్కకు ముదురు గోధుమరంగు గీత, కప్పకు ఆకుపచ్చ గీత అని చకచకా తేలిపోయింది. గబ్బిలం దగ్గరే వాదన తెగలేదు. ఊదా గీత చాలని వాళ్లంతా ఒక పక్క. దానికి నలుపే ఉండాలని నేను ఇప్పటికీ అంటున్నాను.