పట్టూ విడుపూ

వానరసేనతో సముద్రతీరానికి చేరిన రాముడు దర్భలు పరుచుకుని, మూడు రాత్రులు నేలమీదే పడుకుని, దారి ఇమ్మని సముద్రుణ్ణి ప్రార్థించాడు. మూడు రాత్రులు గడిచినా సముద్రుడు కనిపించలేదు. అప్పుడు ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి, విల్లు ఎక్కుపెట్టాడు, బాణాల ధాటికి జలచరాలు తల్లడిల్లాయి. చిన్నతనంలో ఈ ఘట్టం విన్నప్పుడల్లా నాకు ఎక్కుపెట్టిన విల్లే మనసులో మెదిలేది. కిందటి ఏడాది కుడి ముంజేయి విరిగి పిండికట్టుతో ఇంట్లో కూర్చోవలసి వచ్చినప్పుడు, ఎడమచేత్తో పేజీలు తిప్పుకుంటూ యుద్ధకాండ మళ్ళీ చదివాను. ఈసారి విల్లు దగ్గర కాదు, సముద్రుడు ఇచ్చిన జవాబు దగ్గర ఆగిపోయాను.

"పృథివీ వాయురాకాశమాపో జ్యోతిశ్చ రాఘవ, స్వభావే సౌమ్య తిష్ఠంతి శాశ్వతం మార్గమాశ్రితాః" అంటాడు సముద్రుడు. నేల, గాలి, ఆకాశం, నీరు, వెలుగు, ఇవన్నీ తమ తమ స్వభావంలో, తమకు ఎప్పటినుంచో ఉన్న దారిలో నిలిచి ఉంటాయి. లోతుగా ఉండటం, దాటరాకుండా ఉండటం నా స్వభావం. నాలో కాలు ఆనే చోటు ఉంటే అది నాకు వికారమే అవుతుంది. కోరిక వల్ల గానీ, లోభం వల్ల గానీ, భయం వల్ల గానీ ఈ నీటిని నేను గడ్డకట్టించలేను. రాముడు కోపించాకే కదా సముద్రుడు బయటికి వచ్చాడు అని ఎవరైనా అనవచ్చు, అది నిజమే. కానీ వచ్చినవాడు భయంతో కూడా తన స్వభావాన్ని మార్చుకోలేనని ముఖాన చెప్పాడు, రాముడు ఆ మాట విన్నాడు. ఎక్కుపెట్టిన అస్త్రం సముద్రం మీద కాకుండా సముద్రుడు చూపిన మరో చోట పడింది. ఆ తరువాత జరిగింది కోపంతో పని లేని పని. నలుడి అజమాయిషీలో వానరులు చెట్లూ బండలూ మోసుకొచ్చి మొదటిరోజు 14 యోజనాలు, రెండోరోజు 20, మూడోరోజు 21, నాలుగోరోజు 22, అయిదోరోజు 23 యోజనాలు కట్టారు. వాల్మీకి ఈ అంకెలను ఏ రోజుకా రోజు లెక్కగట్టి చెప్పడం నాకు ఎంతో ఇష్టం. పని చేసే చేతులకు నైపుణ్యం ఎలా అలవడుతుందో ఆ అంకెలే చెబుతున్నాయి.

ప్రకృతిని ఎదిరించి నిలిచిన మనుషుల కథలు మనకు ధైర్యం నేర్పుతాయని అందరూ అంటారు. ఏ ధైర్యం అన్నదే నాకు మిగిలిన ప్రశ్న. తెలుగులో పట్టుదల అనే మాటలోనే చెయ్యి ఉంది. పట్టుకున్నది వదలకపోవడం పట్టు. అయితే ఆ మాటను మనవాళ్ళు ఒంటరిగా వదలలేదు, పట్టూ విడుపూ అని జంట చేసి పెట్టారు. నన్ను కదిలించిన కథలన్నిటిలోనూ ఓర్పు అంటే ఈ రెండూ కలిసినదే. ఎంతసేపు పట్టుకోవాలో, ఎప్పుడు వదలాలో ఎదుట ఉన్న దాని స్వభావమే చెబుతుంది. దాన్ని శత్రువుగా చూసేవాడికి ఆ చెప్పేది వినపడదు.

పర్షియా చక్రవర్తి క్షయార్షుడు గ్రీసు మీదికి దండెత్తినప్పుడు హెలెస్పాంట్ జలసంధి మీద కట్టించిన వంతెనలను తుపాను తెంచేసింది. ఆయన సముద్రానికి 300 కొరడా దెబ్బలు వేయించి, నీళ్ళలోకి సంకెళ్ళు విసిరించాడని ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. వంతెనల పనిని చూసినవాళ్ళ తలలు కూడా తీయించాడు. 1851లో వచ్చిన మెల్విల్ నవల మోబీ డిక్‌లో కెప్టెన్ ఆహాబ్‌దీ ఇదే జబ్బు. తన కాలు తీసుకున్న తెల్ల తిమింగలం మీద పగబట్టి ఓడనంతటినీ దాని వెంట తిప్పుతాడు. నోరులేని జంతువు మీద పగేమిటి, అది తన సహజగుణం కొద్దీ కరిచింది కదా అని అతని సహాయకుడు స్టార్‌బక్ మొదట్లోనే అంటాడు. ఆహాబ్ పట్టుదలను తక్కువ చేయలేము. అతనికి లేనిదల్లా విడుపు. చివరికి తాను విసిరిన ఈటె తాడే మెడకు చుట్టుకుని అతణ్ణి పడవలోంచి లాక్కుపోతుంది.

శత్రువుగా చూడకపోయినా సరే, దాని స్వభావాన్ని ఊహించలేకపోతే ఏమవుతుందో జాక్ లండన్ రాసిన 'టు బిల్డ్ ఎ ఫైర్' అనే కథలో ఉంది. దాన్ని ఆయన రెండుసార్లు రాశాడు. 1902లో యువ పాఠకుల పత్రికకు రాసిన మొదటి రూపంలో మనిషి బతికి బయటపడతాడు, ఒంటరిగా ప్రయాణించకూడదన్న పాఠం నేర్చుకుంటాడు. 1908 నాటి రెండో రూపంలో ఆ మనిషికి పేరు కూడా లేదు, అతను చచ్చిపోతాడు. రెండోదే గొప్ప కథ అని నాకు ఏ సందేహమూ లేదు. యూకాన్ ప్రాంతంలో, ఫారన్‌హీట్ కొలతలో సున్నాకు 75 డిగ్రీల కింద, అంటే సెల్సియస్‌లో దాదాపు మైనస్ 59 డిగ్రీల చలిలో, ఒక కుక్కను వెంటబెట్టుకుని అతను నడుస్తుంటాడు. ఉమ్మితే అది నేలమీద పడకముందే గాలిలో చిటపటమంటుంది. చలి ఎంతో అతనికి అంకెగా తెలుసు, కానీ ఆ అంకె తన ఒంటికి ఏం చేస్తుందో ఊహించుకోలేడు. మంచు పొర విరిగి కాళ్ళు తడిసినప్పుడు పుల్లలు చేతికి దగ్గరగా అందుతాయని ఒక చెట్టు కిందే మంట వేస్తాడు. పుల్ల లాగిన ప్రతిసారీ కొమ్మలు కాస్త కదులుతాయి, పైకొమ్మ మీది మంచు జారి కిందికొమ్మ మీద పడుతుంది, అది ఇంకో కొమ్మ మీద, చివరికి మొత్తం కుప్పగా వచ్చి మంట మీద పడుతుంది. అక్కడ ఎవరి పగా లేదు. మంచు బరువు, కొమ్మల కదలిక, అంతే.

ఆ తరువాతి పేజీ చదువుతుంటే నా కట్టు కట్టిన చెయ్యి నాకు బరువెక్కింది. అతని వేళ్ళు చచ్చుబడిపోయి అగ్గిపుల్లను పట్టుకోలేవు. ఉందో లేదో చూస్తే తప్ప తెలియదు. డెబ్బై అగ్గిపుల్లల కట్టను రెండు అరచేతుల మొదళ్ళ మధ్య బిగించి, అన్నిటినీ ఒక్కసారే కాలికేసి గీస్తాడు. చేతుల చర్మం కాలుతున్న వాసన ముందు ముక్కుకు తెలుస్తుంది, నొప్పి ఆ తరువాత తెలుస్తుంది. అయినా ఆ మంటను చెట్టు బెరడుకు అంటించే దాకా చేతులు విప్పడు. ధైర్యం లేదని అతణ్ణి ఎవరంటారు? అప్పటికి ఆలస్యమైపోయింది, అంతే. అంత చలిలో ఒంటరిగా వెళ్ళవద్దని అనుభవం ఉన్న ముసలాయన ముందే చెప్పినప్పుడు అతను నవ్వుకున్నాడు. విడుపు అవసరమైన క్షణం అది.

ప్రకృతి అంటే మనకు ఎదురుగా ఉన్నదే అనుకుంటాం గానీ మన ఒంట్లో ఉన్నదీ అదే. ప్రాచీన మెసొపొటేమియా వీరుడు గిల్గమేష్ కథ మట్టి పలకల మీద మూడు వేల ఏళ్ళకు పైగా నిలిచి ఉంది, అందులో నాకు అన్నిటికంటే దగ్గరైన చోటు రాక్షసవధ కాదు. చావును జయించే రహస్యం కోసం మృత్యుజలాలను దాటి వచ్చిన ఆ మహావీరుడితో, జలప్రళయాన్ని తట్టుకుని బతికిన ఉత్నపిష్టిమ్ ఒక చిన్న పరీక్ష పెడతాడు: ఆరు పగళ్ళు, ఏడు రాత్రులు నిద్రపోకుండా ఉండు చూద్దాం. గిల్గమేష్ అలా చతికిలబడ్డాడో లేదో, నిద్ర పొగమంచులా అతని మీద కమ్ముకుంటుంది. లేచాక ఒప్పుకోడని తెలుసు గనుక ఉత్నపిష్టిమ్ భార్య రోజుకొక రొట్టె కాల్చి అతని తల దగ్గర పెట్టి, గోడ మీద గీత గీస్తుంది. అతను కళ్ళు తెరిచి, ఇప్పుడే కదా రెప్ప వాల్చాను అంటాడు. పక్కన రొట్టెలు వరసగా ఉంటాయి: మొదటిది ఎండిపోయింది, మరొకటి బూజు పట్టింది, చివరిది ఇంకా నిప్పుల మీదే ఉంది. సింహాలను చంపిన మనిషి తన కంటి రెప్పల దగ్గర ఓడిపోయాడు. దీన్ని రాసినవాళ్ళకు మనిషంటే ఎంత తెలుసో అని ఆశ్చర్యపోతాను.

సుందరకాండలో హనుమంతుడికి మొదట ఎదురయ్యేదీ విశ్రాంతే. నూరు యోజనాల సముద్రం మీద ఎగురుతుంటే మైనాకుడు నీళ్ళలోంచి పైకి లేచి, కాసేపు ఆగి అలసట తీర్చుకోమంటాడు. మధ్యలో ఆగనని మాట ఇచ్చానని చెప్పి, హనుమంతుడు ఆ పర్వతాన్ని చేత్తో తాకి సాగిపోతాడు. అడ్డు వచ్చినదాన్ని తోసివేయడం ఒకటి, ప్రేమతో పిలిచినదాన్ని నొప్పించకుండా దాటిపోవడం ఒకటి. రెండోది చాలా కష్టం. ఆ తరువాత సురస నోరు తెరిస్తే అతను పెరుగుతాడు, ఆమె నోరు ఇంకా పెరుగుతుంది. ఆ పోటీకి అంతు లేదని గ్రహించి బొటనవేలంత అయిపోయి, ఆ నోటిలోకి వెళ్ళి బయటికి వచ్చేస్తాడు. పట్టు మైనాకుడి దగ్గర, విడుపు సురస దగ్గర. నీడ పట్టి లాగిన సింహికను కూడా దాటాక ఆకాశంలోని భూతాలు అతణ్ణి మెచ్చుకుంటూ ధృతి, దృష్టి, మతి, దాక్ష్యం అనే నాలుగూ ఉన్నవాడు పనుల్లో చతికిలబడడని అంటాయి. మొదటి స్థానం ధృతిది. ఆ మాటకు మూలం పట్టుకోవడం, నిలుపుకోవడం అనే అర్థమున్న ధాతువు. బలం అన్నది ఆ నాలుగింటిలో లేనే లేదు.

పోతన గజేంద్రుడి దగ్గర ఈ సంగతి ఇంకా లోతుకు వెళుతుంది. "లావొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యె" పద్యం రాని తెలుగువాళ్ళు అరుదు. కానీ అది ఎన్నాళ్ళకు వచ్చిన మాటో మనం మరచిపోతుంటాం. భాగవతం ప్రకారం ఏనుగూ మొసలీ వెయ్యేళ్ళు పోరాడాయి. ఏనుగు మొసలిని గట్టుకు, మొసలి ఏనుగును మడుగులోకి లాగుతూనే ఉన్నాయి. మొసలికి నీరు "జీవనంబు దనకు జీవనంబై" ఉన్నదని పోతన అంటాడు. జీవనం అంటే నీరు, బతుకు కూడా. ఏది నీరో అదే దానికి బతుకు గనుక దాని బలమూ పంతమూ అంతకంతకూ పెరిగాయి, ఏనుగేమో బహుళపక్షపు చంద్రుడిలా తరిగిపోయింది. తప్పు ఏనుగు శౌర్యానిది కాదు, అది నిలబడిన చోటుది. వెయ్యేళ్ళు పట్టు విడవని జీవి, ఇక నా వల్ల కాదు అని తన ఒంట్లో ఏమేమి సడలిపోయాయో ఒక్కొక్కటే చెబుతుంది: బలం లేదు, ధైర్యం చలించింది, ప్రాణాలు చోటు తప్పాయి, మూర్ఛ వచ్చింది, శరీరం డస్సింది. దీన్ని పిరికితనంగా తీసేసే వ్యాఖ్య విన్నప్పుడు నాకు బాధ కలుగుతుంది. ఇంత నిజాయితీగా తన లెక్క తాను చెప్పుకోవడానికి వెయ్యేళ్ళ పోరాటం కంటే ఎక్కువ గుండె కావాలి.

గ్రీకు కవి హోమర్ కావ్యం ఒడిస్సీలో కథానాయకుడు ఒడిస్యూస్‌కు చేతులే సర్వస్వం. కారిబ్డిస్ అనే సుడిగుండం తెప్పను మింగేసినప్పుడు అతను పైన ఉన్న అత్తిచెట్టును పట్టుకుని గబ్బిలంలా వేలాడతాడు; కాలు ఆనించడానికి చోటు లేదు, పైకి ఎగబాకే వీలు లేదు. రోజంతా తగవులు తీర్చిన న్యాయమూర్తి రాత్రి భోజనానికి లేచే వేళకు గానీ ఆ దుంగలు తిరిగి పైకి రాలేదని కవి చెబుతాడు. అవి తేలిన క్షణాన చేతులు వదిలి నీళ్ళలో పడతాడు. అంతసేపు పట్టుకున్నది ఆ ఒక్క క్షణం వదలడానికే.

అయిదో సర్గలో కథ ఇంకా కఠినం. ఇరవై చెట్లు నరికి, నాలుగు రోజుల్లో తెప్ప కట్టుకుని, పదిహేడు రోజులు ప్రయాణించి, పద్దెనిమిదో రోజున నేల కనిపించేసరికి సముద్రదేవుడు పొసైడన్ తుపాను లేపుతాడు. నీళ్ళ పక్షి రూపంలో వచ్చిన ఇనో దేవత, తెప్పను వదిలెయ్యి, ఈ ముసుగు కట్టుకుని ఈదు అంటుంది. అతను వెంటనే నమ్మడు. దుంగలు కలిసి ఉన్నంతసేపు ఇక్కడే ఉంటాను, విడిపోతే అప్పుడు ఈదుతాను అనుకుంటాడు. దేవత మాట మీద కూడా గుడ్డిగా వదలని ఆ ఆలోచన నాకు చాలా గొప్పగా కనిపిస్తుంది. అల తెప్పను చెదరగొట్టాక, నీళ్ళు తాగి బరువెక్కిన బట్టలు విప్పేసి, రెండు పగళ్ళు, రెండు రాత్రులు అలల మీద కొట్టుకుపోతాడు. మూడోరోజు తీరం దగ్గర ఒక అల అతణ్ణి రాతికేసి విసురుతుంది. రెండు చేతులతో రాతిని పట్టుకుంటాడు. వెనక్కి మళ్ళిన అల అతణ్ణి పెరికి లాగేస్తే, కలుగులోంచి లాగిన ఆక్టోపస్ చూషకాలకు గులకరాళ్ళు అంటుకుని వచ్చినట్టు, అతని అరచేతుల చర్మం ఆ రాతికే మిగిలిపోతుంది. ఇక రాతితో పోరాడడు. తీరం వెంబడి ఈదుకుంటూ పోయి, నది కలిసే చోటును వెతుక్కుని, శరణు వేడితే ఆ నది తన ప్రవాహాన్ని ఆపి లోపలికి తీసుకుంటుంది.

ఒడ్డుకు చేరిన మనిషి ఒళ్ళంతా వాచి ఉంది, నోటినుంచీ ముక్కునుంచీ ఉప్పునీరు కారుతోంది, మాట లేదు. తేరుకున్నాక చేసిన మొదటి పని ఆ ముసుగును విప్పి నీళ్ళలో వదలడం. నేలను ముద్దుపెట్టుకున్నాక కూడా లెక్క వేస్తూనే ఉంటాడు: ఏటి ఒడ్డున పడుకుంటే తెల్లవారుజాము చలికి చస్తాను, అడవిలోకి వెళితే మృగాలకు దొరుకుతాను. చివరికి ఒక్కచోటే మొలిచిన రెండు ఆలివ్ పొదల కిందికి దూరి, రాలిన ఆకులను చేతులతో పోగు చేసుకుని, మీద కప్పుకుంటాడు. ఇరుగు పొరుగు లేని మారుమూల పొలంలో ఉండేవాడు, నిప్పు కోసం ఇంకెక్కడికీ పోనక్కరలేకుండా కొరివిని నల్లని బూడిదలో కప్పి దాచుకుంటాడే, అలా ఉన్నాడు అంటాడు హోమర్. ఆ పోలికను మనం ఎన్నడో ఒక్క మాటలో పెట్టుకున్నాం: నివురు గప్పిన నిప్పు. ఆకుల కింద అతను నిద్రపోతున్నాడు, చర్మం ఊడిన అరచేతులు తెరుచుకునే ఉన్నాయేమోనని నేను ఊహించుకుంటాను.