వాడు అడిగింది నీళ్లు

మాది మధిర. 1998లో భద్రాచలం ఏజెన్సీలో ఒక కోయ గూడెం బడికి వేశారు. ఒకటి నుంచి ఐదు దాకా నేనొక్కణ్ణే పంతులుని.

మొదటి వారంలో ఒకటో తరగతి పిల్లాడు లేచి "ఏరు" అన్నాడు. బడి వెనకే వాగు. ఈతకు పోతానంటున్నాడు కాబోలనుకుని కూర్చోమన్నాను. కాసేపటికి మళ్లీ "ఏరు". ఈసారి కసిరాను. ఐదో తరగతి పిల్ల నవ్వాపుకుంటూ చెప్పింది: "వాడికి దూప అయితంది సార్." కోయలో ఏరంటే నీళ్లు!

ఇంకోరోజు మరొకడు ఏడుస్తూ "లోను, లోను" అంటుంటే, లోపల కూర్చోబెట్టమంటున్నాడనుకుని గదిలోకి తీసుకెళ్లాను. వాడి ఏడుపు రెండింతలైంది. లోను అంటే ఇల్లట. అక్షరాలు ఎందుకు అంటుకోవడం లేదో నాకప్పుడు వెలిగింది. వాచకంలో ఇల్లు బొమ్మ చూపించి "ఇ" అంటాను. బొమ్మ చూసిన వాడికి నోట్లోకి వచ్చేది "లోను". ఆ బొమ్మ మీద "ఇ" ఎక్కడ నిలుస్తుంది? అప్పటికే నేను నలుగురు పిల్లల్ని మొద్దులని తేల్చేశాను, తనిఖీకి వచ్చినాయనతో కూడా అదే చెప్పాను. ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

2004లో ప్రభుత్వం గోండి, కోయ, కొలామి, సవర వంటి ఎనిమిది గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టింది. లిపి తెలుగే. ముందు సొంత భాషలో చదవడం, తెలుగు మెల్లగా కలపడం. కొత్త ఆలోచనేం కాదు, 1940లలోనే ఆదిలాబాద్ మార్లవాయిలో గోండుల మధ్య పనిచేసిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ గోండు యువకులకు పంతుళ్లుగా శిక్షణ ఇప్పించి, గోండి వాచకాలు వేయించాడు.

మా బడికి కోయ వాచకాలు, ఒక కోయ వలంటీరు కుర్రాడు రావడానికి ఇంకా రెండేళ్లు పట్టింది. ముందు అడ్డం తిరిగింది పెద్దవాళ్లే. "కోయ ఇంట్ల వస్తది గదా, మళ్ల బళ్లెందుకు సారూ? తెలుగు రాకనే గద మేం బస్టాండుల, ఆఫీసుల తిప్పలు పడ్డది" అన్నారు. కాదనలేకపోయాను. కానీ దసరా సెలవుల నాటికి ఆ కుర్రాడి దగ్గర పిల్లలు బొమ్మ చూసి అడగకుండానే కథ అల్లడం మొదలుపెట్టారు. నా క్లాసులో ఏళ్ల తరబడి నోరు విప్పనిది వీళ్లేనా అనిపించింది. తెలుగు కూడా ముందుకంటే తొందరగానే పట్టుకున్నారు. తర్వాత ఆ కుర్రాణ్ణి కొనసాగించలేదు, పుస్తకాలూ రావడం మానేశాయి. కారణం ఎవరూ చెప్పలేదు.

పోయిన సంక్రాంతికి ఆ గూడెం వెళ్లాను. అప్పుడు నీళ్లడిగిన పిల్లాడికి ఇప్పుడు ముప్పై దాటాయి. కూతురు ఇంగ్లీషు మీడియం. కుర్చీ వేసి, పాపకి కోయలో ఏదో చెప్పాడు. ఇన్నేళ్లకీ అందులో నాకు పట్టుబడింది "ఏరు" ఒక్కటే. పాప చెంబుతో నీళ్లు తెచ్చింది.