పీ వాల్యూనా, బీ వాల్యూనా?

అమెరికాలో స్టాటిస్టిక్స్ పీహెచ్‌డీలో చేరిన వారానికే మెయిల్ వచ్చింది. టీచింగ్ అసిస్టెంట్‌గా క్లాసు చెప్పాలంటే ముందు స్పోకెన్ ఇంగ్లిష్ పరీక్ష పాసవ్వాలట, అదీ బయటి దేశాల నుంచి వచ్చినవాళ్లకే. ఒకటో తరగతి నుంచీ ఇంగ్లిష్ మీడియమే కదా అని టెన్షన్ పడలేదు.

బోర్డు దగ్గర పది నిమిషాలు పాఠం చెప్పాలి. ఎదురుగా ఇద్దరు టీచర్లు, ఒక డిగ్రీ కుర్రాడు. స్టాటిస్టిక్స్‌లో వాడే పీ వాల్యూ అనే సంఖ్య గురించి మొదలుపెట్టాను. మూడో నిమిషంలో ఆ కుర్రాడు చెయ్యెత్తి "బీ వాల్యూ అంటే ఏంటి?" అన్నాడు. బీ కాదు, పీ అన్నాను. "అదే, బీ" అన్నాడు. చివరికి బోర్డు మీద రాసి చూపించాను. ఫెయిల్.

ఆ సెమిస్టరంతా ఉచ్చారణ క్లాసు. మొదటి రోజే టీచర్ నా నోటి ముందు చిన్న కాగితం ముక్క పట్టుకుని పీ అనమన్నారు. కాగితం కదల్లేదు. మాట మొదట్లో వచ్చే పీని వాళ్లు గాలి ఊది పలుకుతారు. ఊదకపోతే వాళ్ల చెవికి అది బీ. అంటే మన ఫ అన్నమాట, ఫలం అనేటప్పుడు పెదాలు మూసి పలకాల్సిన అసలు ఫ. మనమేమో దాన్ని ఎప్పుడో ఎఫ్ చేసేశాం! పారామీటర్ ఇంకో తంటా. వాళ్లు 'ర్యా' ఒక్కటీ నొక్కి మిగతాది మింగేస్తారు. మనం పా, రా, మీ అని మూడింటికీ దీర్ఘాలిచ్చేస్తాం.

ఆ ఉచ్చారణ టీచరే ఒకరోజు 1992లో వచ్చిన డొనాల్డ్ రూబిన్ అనే పరిశోధకుడి ప్రయోగం గురించి చెప్పారు. అమెరికన్ గొంతుతో రికార్డు చేసిన ఒకే పాఠాన్ని విద్యార్థులకు వినిపించారు. కొందరికి తెల్లజాతి ఆవిడ ఫొటో చూపించారు, కొందరికి ఆసియా ఆవిడది. రెండో ఫొటో చూసినవాళ్లకు లేని యాస వినపడింది, పాఠమూ తక్కువే బుర్రకెక్కింది. ఆ రాత్రి నాకు బాగా కోపమొచ్చింది. కానీ నా పీ సంగతి వేరు, ఆ కుర్రాడికి నిజంగానే బీ వినపడింది. ఏది నా నోటి తప్పో, ఏది వినేవాళ్ల చెవి తప్పో విడదీసే గడి మాత్రం మార్కుల కాగితంలో లేదు.

డిసెంబరులో మళ్లీ రాశాను, పాసయ్యాను. ఈసారి ప్రతి కొత్త మాటనూ ముందు బోర్డు మీద రాసి, తర్వాతే పలికాను. నన్నడిగితే ఊదడం కంటే అదే గట్టెక్కించింది.

ఆ వారమే అమ్మకు ఫోన్ చేసి "పప్పు చేసుకున్నానమ్మా" అన్నాను.

"ఏంట్రా ఆ గొంతు, జలుబు చేసిందా?" అంది.