మిర్చి టిక్కీకి కట్టే చీటీ

మన ఎండుమిర్చి కొనే యూరప్ కొనుగోలుదారు, సరుకు శుభ్రత గురించీ పనివాళ్ల గురించీ ఇరవై పేజీల ప్రశ్నావళి పంపుతాడు. స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన కింద బీఆర్‌ఎస్‌ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత) నివేదిక ఇచ్చే మన పెద్ద కంపెనీలూ అలాంటిదే పంపుతున్నాయి. గుంటూరు ఆఫీసులో కూర్చుని అన్నింటికీ 'అవును' అని టిక్కు పెట్టేయొచ్చు. రిస్కు మాత్రం కల్లంలో పుడుతుంది. కాగితం అక్కడిదాకా పోదు.

బూజు వదిలే విషం అఫ్లాటాక్సిన్. ఎండుమిర్చిలో దాని బి1 రకం కిలోకు 5 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 10 దాటితే యూరప్‌లో సరుకు అమ్మనివ్వరు. మూలం తేమ. 11 శాతం లోపు ఎండిన కాయకు బూజు పట్టదు. చేత్తో ఊపితే గింజలు గలగలమనాలి. మెత్తగా వంగుతోందంటే ఇంకా ఎండాలి. అయితే బస్తాల్లో తొక్కేటప్పుడు కాయ విరగకుండా నీళ్లు చల్లే అలవాటొకటి ఉంది. బరువూ కలిసొస్తుంది మరి! పడ్డ శ్రమంతా అక్కడే నీళ్లపాలు.

లెక్క చూడండి. 14 శాతం తేమున్న క్వింటా కాయను 11కు దించితే మిగిలేది 96.6 కిలోలే. ఆ 3.4 కిలోలు రైతుకు నష్టం. ధరలో కనీసం 3.5 శాతం కలపకుండా 'బాగా ఎండబెట్టండి' అని పోస్టర్లు అంటిస్తే ఎవరు వింటారు?

శాంపిల్‌నూ గుడ్డిగా నమ్మకూడదు. బూజు కాయలు లాటంతా సమానంగా ఉండవు. నాలుగు బస్తాల పైనుంచి గుప్పెడు తీస్తే దొరక్కపోవచ్చు. చాలా బస్తాల్లో పైన, నడుమ, అడుగున తీసి, మొత్తం పొడికొట్టి కలిపాకే ల్యాబు వాటా తీయాలి.

ఇక పురుగుమందులు. 2021లో నల్ల తామర పురుగు విరుచుకుపడ్డప్పుడు దొరికిన మందల్లా కొట్టారు. ప్రత్యేక పరిమితి పెట్టని మందుకు యూరప్ హద్దు కిలోకు 0.01 మిల్లీగ్రాము. నాలుగూళ్ల సరుకు ఒక లాటులో కలిశాక అవశేషం బయటపడితే, అది ఏ చేలోదో కమీషన్ ఏజెంటూ చెప్పలేడు. అందుకే టిక్కీ టిక్కీకీ, అంటే ప్రతి మిర్చి బస్తాకూ చీటీ: రైతు, ఊరు, రకం, కోసిన వారం, చివరి పిచికారీ తేదీ, మందు పేరు. కోల్డ్ స్టోరేజీ రసీదు మీదా అదే నంబరు రాయించాలి. అక్కడ కొత్త నంబరు పడిందా, ఆచూకీ గల్లంతే.

తొడిమలు తీసే షెడ్లకు మేస్త్రీకి చెప్పకుండా వెళ్లండి, అదీ బడి వదిలిన వేళకు. అమ్మల పక్కన పిల్లలు కూర్చుని తొడిమలు తీస్తున్నారేమో అప్పుడే తెలుస్తుంది. మస్టరు పుస్తకంలో ఆ పేర్లుండవు.

మే నెల ఎండలో కోల్డ్ స్టోరేజీ బస్తాను తెచ్చిన వెంటనే విప్పితే చల్లటి కాయల మీద చెమట పడుతుంది. ఆరబెట్టిన కాయ మళ్లీ తడిసినట్టే. మూతి విప్పకుండా ఒక రోజు నీడలో వదిలేయాలి.