బోట్ ట్రైలర్‌కు డిస్క్ బ్రేకులా? ముందు స్పిండిల్ కొలవండి

అమెరికాలో టెక్సస్ తీరాన ఉన్న గాల్వెస్టన్ లాంటి చోట ట్రైలర్‌ని ఉప్పునీళ్లలోకి దించుతూ ఉంటే డ్రమ్ బ్రేకుల లోపల స్ప్రింగులు, షూలు తుప్పుపట్టి బిగుసుకుపోతాయి. డిస్కులకు మారడం మంచి పనే. తేడా వచ్చేది "3,500 పౌండ్ల యాక్సిల్ కిట్" అన్న పేరు చూసి ఆర్డర్ పెట్టేసినప్పుడు.

చిన్న ట్రైలర్లలో రెండు రకాల స్పిండిల్స్ (చక్రం బిగించే హబ్ తిరిగే యాక్సిల్ చివరి మొనలు) ఎక్కువగా కనిపిస్తాయి. ఒకదానికి లోపలి బేరింగ్ ఎల్68149, బయటిది ఎల్44649. రెండో రకానికి రెండూ ఎల్44649లే. హబ్ ఊడదీసి, బేరింగ్‌ని శుభ్రంగా తుడిస్తే అంచున నంబరు కనబడుతుంది. చెరిగిపోయి ఉంటే వెర్నియర్ (సూక్ష్మంగా కొలిచే స్కేలు) పెట్టి స్పిండిల్ కొలవండి. లోపలి బేరింగ్ కూర్చునే చోట 1.378 అంగుళాలుంటే మొదటి రకం, 1.063 ఉంటే రెండోది. గ్రీజు సీల్ కూర్చునే చోటు కూడా కొలవాలి. అక్కడ సైజు తప్పితే గ్రీజు కారి రోటర్ (బ్రేకు డిస్కు) మీద, ప్యాడ్ల మీద పడుతుంది.

స్పిండిల్ వెనక వెల్డింగ్ చేసిన బ్రేక్ ఫ్లాంజ్ (బోల్టు రంధ్రాలున్న పలక) ఉందో లేదో చూడండి. కాలిపర్ (ప్యాడ్లను రోటర్‌కి నొక్కే భాగం) బ్రాకెట్ బిగించేది దానికే. 3,500 యాక్సిల్‌కి మామూలుగా 4 బోల్టులు, 5,200 నుంచి 7,000 దాకా 5 బోల్టులు. ఫ్లాంజే లేని యాక్సిల్‌కి ఏ కిట్ కొన్నా బిగించే చోటుండదు. చక్రానికి 5 బోల్టులు, ఆ బోల్టుల వలయం 4.5 అంగుళాలు అని సరిపోయినా సరే, 13 అంగుళాల రిమ్ము కాలిపర్‌కి రాసుకునే ప్రమాదం ఉంది. కిట్ తయారీదారు చెప్పిన కనీస రిమ్ము సైజు చూసుకున్నాకే డబ్బు కట్టండి.

అందరూ వదిలేసేది కప్లర్, అంటే ట్రైలర్‌ని బండికి తగిలించే భాగం. డ్రమ్ములకు అమర్చిన సర్జ్ కప్లర్ (బండి ఆగేటప్పుడు ట్రైలర్ ముందుకు తోసే బలంతో బ్రేకు వేసేది) మాస్టర్ సిలిండర్‌లో లైనులో కొద్దిపాటి ఒత్తిడిని నిలిపి ఉంచే వాల్వ్ ఉంటుంది. డ్రమ్ములో షూలను వెనక్కి లాగే స్ప్రింగులున్నాయి కాబట్టి ఇబ్బంది లేదు. డిస్కులో అలాంటి స్ప్రింగులు లేవు. ప్యాడ్లు రోటర్‌ని వదలవు, కొన్ని మైళ్లకే హబ్ కాలిపోతుంది, గ్రీజు కరిగిపోతుంది. అందుకే డిస్కులకని తయారైన కప్లరే తీసుకోండి. పాతదాన్నే మార్చి వాడడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే వాల్వ్ తీసేసినా డిస్కుకు కావలసిన ఒత్తిడి అది ఇస్తుందన్న నమ్మకం లేదు.

ఇంకోటి రివర్స్. డిస్క్ వెనక్కి వెళ్లేటప్పుడూ అంతే గట్టిగా పట్టేస్తుంది, ర్యాంపు మీద బండి కదలదు. కప్లర్‌కి రివర్స్ సోలినాయిడ్ (వెనక్కి వెళ్లేటప్పుడు బ్రేకు పడకుండా ఆపే విద్యుత్ వాల్వ్) ఉండాలి, దాని నీలం వైరు బండి రివర్స్ లైటుకు కలవాలి. 4 పిన్నుల ప్లగ్గులో ఆ సిగ్నలే రాదు. 5 పిన్నులది వేయండి. 7 పిన్నుల సాకెట్ ఉన్న బండిలోనైతే నడిమి పిన్నుకు టెస్ట్ ల్యాంప్ పెట్టి, రివర్స్ గేర్‌లో వెలుగుతుందో లేదో చూడండి.

బండికి ఉండే హిచ్ బాల్ (కప్లర్ కూర్చునే గుండు) సైజు కప్లర్ మీద ముద్రించినదే ఉండాలి. 2-5/16 అంగుళాల కప్లర్ 2 అంగుళాల బాల్ మీద కూడా మూసుకుంటుంది, గతుకులో ఎగిరిపోతుంది.

యాక్సిల్‌పై బరువు మోసే సస్పెన్షన్ స్ప్రింగుల విషయం తేలిక. 3,500 యాక్సిల్‌కి ఒక్కోటి 1,750 పౌండ్లది, జత. గట్టి స్ప్రింగులు వేసినంత మాత్రాన యాక్సిల్ మోసే బరువు పెరగదు. స్ప్రింగుని యాక్సిల్‌కి బిగించే యూ-బోల్టులు మాత్రం ప్రతిసారీ కొత్తవే.

అన్నీ బిగించాక కప్లర్‌కి అన్నిటికన్నా దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టి బ్రేకు లైన్లలోని గాలి తీయండి. అర అంగుళం స్టడ్లకు నట్లు 90 నుంచి 120 ఫుట్-పౌండ్ల టార్క్. 10, 25, 50 మైళ్ల దగ్గర ఆగి మళ్లీ బిగించండి. ఆగిన ప్రతిసారీ హబ్బుల వేడి పోల్చి చూడండి. ఒక్కటే వేడెక్కితే ఆ వైపు కాలిపర్ గైడ్ పిన్నులు, బేరింగ్ బిగువు చూడాలి. అన్నీ వేడెక్కితే మళ్లీ కప్లర్ దగ్గరికే రావాలి.