సాలూరు ఘాట్ ఎక్కించాకే బేరం

అమ్మానాన్నలను తీసుకుని పూరీ, జగదల్‌పూర్, వీలైతే కాశీ దాకా రోడ్డు మీదే వెళ్లి రావాలని మా ఇంట్లో ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాం. కొత్త కారు కొనే స్తోమత లేదు. శ్రీకాకుళంలో నాలుగు వీధులు తిరగడానికైతే ఏ పాత కారైనా చాలు. పెద్దవాళ్లను వెనక కూర్చోబెట్టుకుని, మెకానిక్ షెడ్డు కనబడని కొండ దారుల్లో వందల కిలోమీటర్లు పోవాలంటే మాత్రం బండి మీద పూర్తి నమ్మకం ఉండాలి. సాలూరు దాటి ఒడిశా వైపు పోయే కొండ దారి, సుంకి ఘాట్ ఎక్కించి దింపితే గాని ఆ నమ్మకం కుదరదనీ, అంతవరకు ఎవరికీ బయానా ఇవ్వవద్దనీ మా చిన్నమామయ్య తేల్చిచెప్పారు.

సాలూరు లారీల మీద రాయపూర్ దారిలో ఏళ్ల తరబడి తిరిగిన మనిషి ఆయన. సాలూరంటేనే లారీల ఊరు. యజమానులు, డ్రైవర్లు, క్లీనర్లు, బాడీ కట్టేవాళ్లు, టైర్ల పనివాళ్లు... ఊళ్లో చాలా ఇళ్లు ఆ చక్రాల మీదే నడిచాయి. అక్కడి వాళ్లు బండి రంగు చూసి మోసపోరు. "యార్డులో నిలబెట్టినప్పుడు అన్ని బండ్లూ బాగానే ఉంటాయిరా. ఎక్కేటప్పుడు ఇంజిను సంగతి, దిగేటప్పుడు బ్రేకుల సంగతి బయటపడతాయి" అన్నారు మామయ్య.

ఘాట్ దాకా తీసుకెళ్లకుండానే వదిలేసినవీ ఉన్నాయి. కళింగపట్నం వైపు ఒక ఊళ్లో చూసిన కారు పైకి అద్దంలా మెరుస్తోంది. మామయ్య కింద గోనెసంచి పరుచుకుని పడుకుని టార్చి వేసి చూశారు. సైలెన్సర్ బిగించే చోట, చక్రాల పైకప్పుల అంచుల్లో ఇనుము పొరలు పొరలుగా ఊడి వస్తోంది. సముద్రపు ఉప్పుగాలిలో ఏళ్ల తరబడి ఆరుబయట నిలిపిన బండికి తుప్పు కింది నుంచే మొదలవుతుంది. పైన వేసిన రంగు దాన్ని కొనేవాడి కంటికి కనబడకుండా చేస్తుంది, అంతే.

హైవే పక్క యార్డులో ఇంకో కారు. మీటరు 38 వేల కిలోమీటర్లు చూపిస్తోంది. టైరు పక్కగోడ మీద తయారీ తేదీ నాలుగు అంకెల్లో ఉంటుంది. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఆ టైర్లు 2023లో తయారైనవి, కారేమో 2018 నాటిది. టైర్లు మామూలుగా నలభై, యాభై వేల కిలోమీటర్లు నడుస్తాయి. 38 వేలైనా తిరగకముందే నాలుగూ ఎందుకు మార్చినట్టు? మీటరు వెనక్కి తిప్పారేమోనని అనుమానం. పైగా క్లచ్ పెడల్ మీది రబ్బరు అరిగి నున్నబడింది. సీటు బెల్టును చివరి దాకా బయటికి లాగితే, లోపలే చుట్టుకుని ఉండే భాగం మీద మట్టి చార కనిపించింది. సీటు కింది బోల్టులు తుప్పు పట్టాయి. ఆ బండి ఎక్కడో నీళ్లలో మునిగింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వేల ఇళ్లు నీట మునిగినప్పుడు వీధుల్లోని కార్లూ మునిగాయి. అలాంటివి ఎండబెట్టి, తుడిచి ఎక్కడైనా అమ్మవచ్చు. ఒకప్పుడు నంబరు చూస్తే ఏపీ 30 శ్రీకాకుళం, ఏపీ 35 విజయనగరం అని తెలిసిపోయేది. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చాక నంబరు పలక ఊరి పేరు చెప్పదు. సి బుక్కులో, అంటే రిజిస్ట్రేషన్ పత్రంలో, చిరునామా చదవాల్సిందే. చదివాం, వచ్చేశాం.

చివరికి విజయనగరం కారు గురించి తెలిసింది. 1.2 లీటర్ల పెట్రోలు బండి, ఒకే యజమాని, ఉద్యోగ విరమణ చేసిన పెద్దాయన. ముందురోజు ఫోన్ చేసి "మేం వచ్చేదాకా దయచేసి స్టార్ట్ చేయకండి" అని అడిగాను. వేడెక్కి ఉన్న ఇంజిను తన రోగాలు చాలావరకు దాచుకుంటుంది. తెల్లవారుజాము బస్సెక్కాం. రణస్థలం, పైడిభీమవరం దాటి, నాతవలస దగ్గర జాతీయ రహదారి వదిలి కుడివైపు తిరిగేదాకా మామయ్య డీజిలు కారే కొనమని వాదిస్తూనే ఉన్నారు. నా లెక్క వేరు. 2020 ఏప్రిల్‌లో బండ్ల పొగ కాలుష్యం మీద బీఎస్ 6 నిబంధనలు రాగానే మారుతి డీజిలు కార్లు మానేసింది. అంతకుముందువి వయసు మీదపడినవి. తర్వాత వచ్చిన డీజిలు కార్ల సైలెన్సర్లో మసి పట్టే ఫిల్టరు ఉంటుంది. అది శుభ్రపడాలంటే తరచూ హైవే మీద వేగంగా నడవాలి. ఏడాదిలో కొన్ని దూర ప్రయాణాలు, మిగతా రోజుల్లో బజారు పనులు ఉండే మాలాంటి ఇంటికి పెట్రోలే మేలు.

బానెట్ మీద చెయ్యి వేస్తే చల్లగా ఉంది. ఆయిలు మూత విప్పి లోపలి వైపు చూశాం. తెల్లని మీగడలాంటి పూత ఉంటే ఇంజినును చల్లబరిచే కూలెంట్ ఆయిల్లో కలుస్తోందని అనుమానించాలి. అలాంటిదేమీ లేదు. తాళం తిప్పగానే అందుకుంది, పొగ లేదు. ఈ ఇంజినుకు వాల్వులను వేళకు తెరిపించే టైమింగ్ బెల్టు కాక చైను ఉండటం నాకు మరో ధైర్యం. బెల్టయితే కంపెనీ చెప్పిన కిలోమీటర్లకు మార్చారో లేదో బిల్లు చూడాలి. అది మధ్యదారిలో తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు వంగిపోతాయి. తయారీ 2019 ఆగస్టు. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్, జూలై నుంచి డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయ్యాయి. దూర ప్రయాణాలకు కారు కొనేవాళ్లు అంతకన్నా పాతది చూస్తే ఈ రెండూ ఉన్నాయో లేవో అడిగి తీరాలి.

"ఘాట్ దాకా వెళ్లి వద్దామండీ, పెట్రోలు మాది" అన్నాను. పెద్దాయన మారు మాట లేకుండా చొక్కా మార్చుకుని వచ్చారు. నా మనసు సగం అక్కడే ఒప్పుకుంది. అంతకుముందు ఘాట్ పేరెత్తగానే సాకులు చెప్పినవాళ్లను చూశాం.

గజపతినగరంలో ఇడ్లీ తిన్నాం. రామభద్రపురం సంత దగ్గర కూరగాయల బండ్ల మధ్య కాసేపు ఆగిపోయాం. ఆ రద్దీలో క్లచ్ ఎలా ఉందో కాలికి తెలిసింది. వేగావతి ఒడ్డున సాలూరు చేరేసరికి ఎండ ముదిరింది. మామయ్యకు పాత పరిచయమున్న లారీ మేస్త్రి గారు మాతో వచ్చి ముందు సీట్లో కూర్చున్నారు. ఏసీ వేసి, నలుగురం ఎక్కి పి.కోనవలస దాటాం.

తూర్పు కనుమల్లో ఆ దారి ఎంత అందమో చెప్పాలి. ఇప్పచెట్లు పూతకొచ్చాయి, మలుపు తిరిగిన ప్రతిసారీ తీపి వాసన. ఖనిజం లారీలు మొదటి గేరులో మూలుగుతూ ఎదురొస్తున్నాయి. నేను వాటిని చూస్తుంటే మేస్త్రి గారు "మీరు ఆ ముల్లు మీద కన్నేసి ఉంచండి బాబూ" అని వేడి చూపే మీటరు వైపు చెయ్యి చూపించారు. అది సగం దగ్గరే నిలబడింది. నిటారుగా ఉన్నచోట మూడో గేరులో ఉంచి ఒక్కసారిగా యాక్సిలరేటర్ నొక్కమన్నారు. ఇంజిను మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు జారుతున్నట్టు. బండి బరువుగానే అయినా ముందుకు లాగింది.

సుంకి దగ్గర ఇంజిను ఆపకుండా నీడలో నిలిపాం. రేడియేటర్ ఫ్యాను తిరగడం, ఆగడం, మళ్లీ తిరగడం చెవితో విన్నాకే మేస్త్రి గారు టీ తాగారు. ఆ దారే ఇంకా పోతే పొట్టంగి, ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన దేవమాలి శిఖరం. పైకి పోవాలని ప్రాణం లాగింది గాని, మా పని దిగడంలో ఉంది.

దిగేటప్పుడు రెండో గేరులో కాలు తీసి వదిలేయమన్నారు. గేరు తనంతట తాను ఊడి న్యూట్రల్‌కు రాకూడదు. వాలు అయిపోయాక మళ్లీ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు మామయ్య వెనక అద్దంలోంచి పొగ చూశారు. ఆ క్షణంలో నీలం పొగ గుప్పుమంటే వాల్వు సీళ్లలోంచి ఆయిలు దిగుతోందన్నమాట. పొగ రాలేదు. కానీ గట్టిగా బ్రేకు వేసినప్పుడు స్టీరింగు వణికింది. "ముందు డిస్కులు ఎగుడుదిగుడుగా అరిగాయి" అన్నారు మేస్త్రి గారు. ఎడమ చక్రం వైపు గోతుల్లో టకటకమన్న చప్పుడు సస్పెన్షన్‌లోని లింకు రాడ్డుదట. టైర్లు కారుతో వచ్చినవే, ఆరేళ్లు దాటాయి. ఇవన్నీ చేయి దాటిన జబ్బులు కావు. ఇంజిను, గేరుబాక్సు, చట్రం బాగున్న బండికి అరిగే భాగాలు మార్చుకోవచ్చు. ఆ మూడూ బాగాలేని బండిని ఎంత చౌకగా ఇచ్చినా నేను తీసుకోను.

సాలూరులో భోజనం దగ్గరే బేరం తెగింది. డిస్కులు, టైర్ల ఖర్చు తగ్గించమన్నాం. పెద్దాయన మేస్త్రి గారి మాట కాదనలేదు. సాయంత్రం విజయనగరంలో ఛాసిస్ నంబరును సి బుక్కుతో పోల్చుకున్నాం. బ్యాంకు అప్పు తీరిపోయినా సి బుక్కులో ఆ బ్యాంకు పేరు అలాగే ఉంది. దాన్ని కొట్టించడానికి ఫారం 35, పేరు మార్పిడికి 29, 30 మీద సంతకాలు పెట్టించుకున్నాను. సరిహద్దు అవతల ఒడిశాలో ఓడీ 07, ఓడీ 10 నంబర్ల కార్లు ఇంతకన్నా చౌకగా దొరుకుతాయని ఆశపడేవాళ్లు మావైపు చాలామంది. వాటికి అక్కడి నుంచి అభ్యంతరం లేదనే పత్రం, ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్సు కట్టాలి. ఆ లెక్క వేసుకున్నాకే చౌక అనాలి. బీమా కూడా పద్నాలుగు రోజుల్లో నా పేరుకు మార్చమని దరఖాస్తు చేయాలి. బీమా సొమ్ము అడగనందుకు పాత యజమానికి వచ్చే తగ్గింపు, నో క్లెయిమ్ బోనస్, ఆయనతోనే పోతుంది కనుక ఆ తేడా నేనే కట్టాను.

డిస్కులు, లింకు రాడ్డు, టైర్లు మార్చడం అయింది. స్టెప్నీ కూడా కొత్తదే వేయించాను. ఉగాది తర్వాత ఇచ్ఛాపురం మీదుగా పూరీ వెళ్తున్నాం. జగదల్‌పూర్ వానలు వెనకబట్టాక. మామయ్య రెండింటికీ వస్తానన్నారు.