ఆర్‌వీలో ఒరెగాన్ తీరం

ఆర్‌వీ, అంటే పడకలూ వంటిల్లూ ఉన్న ఇల్లులాంటి బండి, నడపడం కారు నడిపినట్టే అనుకున్నా. అమెరికాలోని ఒరెగాన్ తీరం వెంట సాగే హైవే 101 మీద మొదటి మలుపులోనే తెలిసొచ్చింది, పై అరకి గొళ్లెం వేయడం మర్చిపోయిన పాపానికి స్టీలు గిన్నెలన్నీ దబదబా కింద పడ్డాయి, మా ఆవిడ చూసిన చూపు గురించి ఇక్కడ రాయను.

కానన్ బీచ్‌లో 235 అడుగుల హేస్టాక్ రాక్ అనే రాతిగుట్ట దగ్గరికి మాత్రం అలలు వెనక్కి తగ్గిన టైం చూసుకుని వెళ్లండి, రాళ్ల గుంటల్లో నారింజ రంగు స్టార్‌ఫిష్‌లు అతుక్కుని కనిపిస్తాయి. మా చిన్నాడు గంటసేపు అక్కణ్నుంచి కదల్లేదు. 1967 నాటి ఒరెగాన్ చట్టం పుణ్యమా అని అక్కడి ఇసుక తీరమంతా జనానిదే, గేట్లూ టికెట్లూ లేవు.

రెండో రోజుకే వాడిన నీళ్ల ట్యాంకు నిండిపోయింది, పిల్లల స్నానాలు మరి. జూలైలోనూ చలే, స్వెటర్లు పెట్టుకోండి.